ఈపాటికి ఇక్కడ ఎవరూ ఉండరు

బ్ర్నోలో అక్టోబరు. ట్రాము తీగల మీద
చినుకు పడీపడనట్టుంది.
మూడో అంతస్తులో జ్దిస్లావా
ఒక తప్పు కోసం కాపు కాస్తోంది.

పదకొండు గంటలకొకసారి వస్తుందది.
ఒక్కోసారి పదమూడు.
వచ్చినా చప్పుడు చెయ్యదు. మిషన్ కుప్పకూలదు,
ఎర్ర అక్షరాలుండవు.
డిస్కులో ఎక్కడో ఒక పేజీ
నాలుగువేల తొంభయ్యారు సున్నాలై మిగులుతుంది, అంతే.

ఫిర్యాదు వలాష్స్కో కొండల్లోంచి వచ్చింది,
పాత మాటలు దాచే చిన్న ఆఫీసు నుంచి.
అనెష్కా అని ఒక ముసలావిడ
ప్లమ్ పళ్ల లేహ్యం కాచడం చెబుతోంది:
రాత్రంతా కలపాలి, గరిటె ఆపావో అడుగంటుతుంది, ఆఖర్న
అక్కడ రెప్పపాటు ఏమీ లేదు.
మళ్లీ గొంతు: "వేసి దించాలి."
ఏం వేసి?
ఆవిడ పోయి ఆరేళ్లు.

ముందు అందరూ చేసే పనే చేసింది జ్దిస్లావా.
దారి పొడుగునా ప్రింట్లు పెట్టింది:
ఇక్కడికి వచ్చాను, ఇది పట్టుకున్నాను, ఇది వదిలాను.
తప్పు మాయం.
కాపలా ఉన్నంతసేపూ ఎంత బుద్ధిమంతురాలో!
ప్రింటు రాయడానికి పట్టే ఆ కాస్త ఆలస్యమే
ఆ ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకోవడానికి సరిపోయింది.
మూడు రోజులు చూసి తీసేసింది.
తెల్లారేసరికి సున్నాలు.

"తాళం ఉంది కదా," అన్నాడు పక్క బల్ల ఒత్మార్, రొట్టె నములుతూ.
ఉంది. రెండు చోట్లా ఉంది.
తాళం వేసే ఉంది, అయినా ఎక్కడో తాళం తప్పుతోంది.

ఆరో రాత్రి మిషన్‌ని దాని మానాన వదిలేసి
కాగితం తీసి రెండు నిలువు గీతలు గీసింది.
ఎడమన రాసేవాడు. కుడిన ఊడ్చేవాడు.
ఊడ్చేవాడు అడుగుతాడు: ఈ పేజీ మాసిందా?
లేదు, తెల్లగా ఉంది.
సరే అని తాళానికి చెయ్యి చాస్తాడు.
ఆ చెయ్యి చాచిన కాస్తలో
రాసేవాడు వచ్చి, తాళం వేసుకుని, రాసి, మాసిన గుర్తు పెట్టి,
తాళం మర్యాదగా వదిలి వెళ్లిపోతాడు.
ఊడ్చేవాడు లోపలికొస్తాడు. మళ్లీ చూడడు,
ఒకసారి చూశాడుగా.
తడారని మాటను చెత్తలో వేస్తాడు.
ఎవరూ అబద్ధమాడలేదు.

సరిగ్గా ఆ చోటే కోడ్‌లో ఒక వ్యాఖ్య, ఇరవై రెండేళ్ల నాటిది,
రదొవాన్ రాసింది:
"ఈపాటికి ఇక్కడ ఎవరూ ఉండరు."

రదొవాన్ ఇప్పుడు జిహ్లావా దగ్గర తేనెటీగలు పెంచుతున్నాడు.
ఫోనెత్తి చాలాసేపు విన్నాడు. వెనక రేకు డబ్బాల మోత.
"అప్పుడు నిజంగానే ఎవరూ ఉండేవారు కాదమ్మా.
నా బల్ల కింద మిషన్లో ఒకటే ప్రాసెసర్.
ఒకడు మేలుకుంటే ఇంకొకడు పడుకునేవాడు.
ఇప్పుడెన్ని?"
తొంభయ్యారు, అంది.
అతను ఏదో అనబోయి, చలి మొదలైందనీ
ఈగలు ఉండకడుతున్నాయనీ చెప్పాడు.

మందు రెండు లైన్లు. కొత్తది ఒక్కటీ లేదు.
కిందిది పైకి, పైది కిందికి.
చూసి పట్టుకోవడం కాదు,
పట్టుకుని చూడటం.

పదకొండు గంటలు గడిచాయి. పదమూడు. నలభై. వంద.
రాకపోవడమంటే లేకపోవడమేనా?
ఆ మాట తేల్చేవాళ్లెవరూ ఆ అంతస్తులో లేరు.
వ్యాఖ్యను చెరపబోయి ఆగింది,
పక్కన సంవత్సరం వేసింది.

కొండల్లోకి ఉత్తరం రాసింది:
ఇకపై జరగదు, పోయింది మాత్రం నేను తేలేను.
పర్లేదు, అని జవాబు. ఈ ఏడు కాచి చూస్తున్నాం,
సోంపు వేసి ఒకటి, లవంగం వేసి ఒకటి.
లవంగాలది అడుగంటింది.
గరిటె దగ్గర ఇద్దరున్నారు,
ఆమె కలుపుతోందని ఇతనూ
ఇతను కలుపుతున్నాడని ఆమే.