తరుగు తియ్యనోడు

ఆరు దినాలు దేవరకొండ మార్కెట్ల కాంటా పడ్త.
తాలని, తేమని, మన్నని
బస్తాకు రెండు కిలోల కోత పెట్టేది ఈ చేతులే.
సేటు కన్ను గీటితె మూడు.

ఏడో దినం మా ఊరి చర్చిల
కోత పండుగ పాట పాడేది గూడ నేనే.
పాటంటె కీర్తన గాదు, వేలంపాట.
గొంతు పెద్దదని సంఘపోళ్ళు అప్పజెప్పిన్రు.

బల్ల ముందర రాశులు పడ్డయి.
బోరు పడ్డోళ్ళవి వడ్లు, బత్తాయిలు,
పడనోళ్ళవి ఆముదాలు.
కాళ్ళు కట్టిన పుంజు ప్రార్థన నడుమ కూసింది.
పేతురు మామ తల దించుకుండు,
పాస్టరయ్యకు గూడ నవ్వు ఆగలే.

అందరి ఎనక పరంజ్యోతమ్మ వచ్చింది.
మా ఊరి నీళ్ళు తాగి వంగిన నడుము,
మెడ ఎటూ తిరగదు.
ఆమెతోని మాట్లాడాలంటె
మనమే గొంతు కూసోవాలె.
కొంగు ముడి విప్పింది: తవ్వెడు కందులు.

"ఎంత జల్లితివి అవ్వా?"
"మానెడు."
"ఎంత వచ్చె?"
"మానెడు."
"మరి దేనికే స్తోత్రం?"
"నిరుడు విత్తనం గూడ రాలే గద బిడ్డా.
ఈయేడు ఇచ్చింది ఇచ్చినట్టే వాపసిచ్చిండు.
సగం ఇగో ఆయనకు, సగం మల్ల మన్నుకు.
తరుగు తియ్యలే ఆయన."

ఇరవై కిలోల ఇనుపరాయి
నా కాలి మీద పడ్డట్టయ్యింది.

"తలలెత్తి స్తుతించుదము" అన్నడు పాస్టరయ్య.
తలలన్ని పై రేకుల దిక్కు లేచినయి.
ఆమెది లేవది.
నాపరాళ్ళ మీద జారిన ఒక్క గింజను
చీమలు గుంజుకపోతుంటె సూస్కుంట
"కానియ్యిన్రి, మీ పాలు మీది" అంటున్నది మెల్లగ.
అందరి ఆమెన్ కన్న
అదే నా చెవులకు ముందు జేరింది.

పుంజు నాలుగు నూర్లకు పోయింది.
గుమ్మడికాయ కాడ బావ బావమరుదులు పంతం పట్టి
ఆరు నూర్ల అరవై దాక ఎక్కిచ్చిన్రు.
కందులు ఎత్తిన. కాంటా మీద పెట్టబోయిన.
పెట్ట చెయ్యి రాలే.
"ఒకటోసారి" అన్న. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో!
నేనే పాడుకున్న. ఎంతకో అడగకున్రి.
రాత్రి చాటల పోసుకొని ఏరబోతె
తీసి పారెయ్యతందుకు
ఒక్క రాయి దొరకలే.

తాలును తాలని తొయ్యనోడా,
కంటి తేమకు ధర తగ్గియ్యనోడా,
మన్నంటిన గింజను మన్నుతోనే అందుకునేటోడా,
నీకు స్తోత్రం.
పెసరుకు పడని వాన కందికి పడ్డందుకు స్తోత్రం.
మోట్లు ఎండినా చెల్కల ఇంత పచ్చ ఉంచినందుకు స్తోత్రం.

రేపు సోమారం.
మల్ల అదే కాంటా, అదే సేటు కన్ను.
నా దాంట్ల ఎంత కోస్తవో కొయ్యి గాని ప్రభువా,
పొద్దుగాల మొదటి బస్తా ఎక్కినప్పుడు
ముల్లు మీదికి పోయే నా వేలును
జర పట్టుకో.