వజ్రమ్మ అరలో గ్లాసులు

కోఠి గుజరాతీ గల్లీల
పాత టీవీల గుట్టలోంచి మోయిజ్ భాయ్
నాలుగంగుళాల స్పీకర్ తీసి చేతిల పెట్టిండు.
"చిన్న నోరు. పెద్ద మాట అడగకు" అన్నడు.

నెల నుంచి అడుగుతనే ఉన్న.

పెట్టెకు ఎనిమిది లీటర్ల గాలి కావాలె, లెక్క ప్రకారం.
గాలినెట్ల కొలుస్తరు?
కింది వాటా వజ్రమ్మ దగ్గర లీటరు డబ్బా అడుక్కొచ్చి
రేషన్ బియ్యం పోసి చూసిన.
ఏ సందులోంచి గింజ కారితే
ఆ సందుకు ఎమ్‌సీల్ మెత్తిన.
దిండు చింపి దూది కుక్కిన.
వెనక పలకకు బొక్క పెట్టి
నల్లా పైపు ముక్క దూర్చిన, జానెడుకు పైన.

రాత్రి లిఫ్టుల రిపేరు నుంచి చిలకలగూడకొచ్చి
చల్లారిన అన్నం ముందర
ఫోన్‌ల మోత పెట్టిన. పాట కాదు.
పైనుంచి కిందికి జారే ఒకే ఒక్క స్వరం,
ఖాళీ లిఫ్టు దిగినట్టు.
మూడో అంతస్తు దాక వినబడ్డది.
ఆ తర్వాత కాగితం కోన్ ఊగుడే గని
చెవికేం రాలే.

కింది నుంచి కేక:
"ఏం చేస్తున్నవ్ పిలగా, నా గ్లాసులు నడుస్తున్నయ్!"

మాఫీ అడుగుదామని దిగిన.
అరల పదకొండు స్టీలు గ్లాసులు,
చివరకు ఒక ఇత్తడి చెంబు.
కొలిచే మీటరు లేదు నా దగ్గర.
ఆమె దగ్గర ఉన్నది.

అప్పటి సంది నేను పైన హాక్సా పట్టుకొని,
ఆమె కింద స్టూలేసుకొని.
వేలెడు కోసి మోత పెడ్త.
"మూడోది గలగలన్నది!"
మళ్ల కోస్త.
"చెంబు నోరు మెదపలే, కొయ్యి!"

కోసి కోసి ఒకరోజు ఎక్కువ కోసిన.
డ్రమ్ముల పడ్డ కప్ప లెక్క ఒకటే బొబ్బ.
కోసింది అతుకుతదా?
కొత్త పైపు, ఇరవై రూపాయలు, మళ్ల మొదటికి.

ఏ వారమో గుర్తు లేదు గని
నల్లా నీళ్లొచ్చే రోజు, తెల్లారుజామున
చెంబు పలికింది.
గట్టిగేం కాదు.
నాకైతే చెవిల కాదు, మోకాలి చిప్పల వినబడ్డది.

వజ్రమ్మ మెట్లెక్కొచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.
"లోపలేమున్నది?"
"గాలి."
"గాలేనా?"
"ఒక బియ్యపు గింజ గూడ. ఎంత ఊపినా రాలే."

తెల్లారి లీటరు డబ్బా ఇయ్యపోయి చూసిన:
ప్రతి గ్లాసు కింద
మడిచిన పాత చీర ముక్క.
చెంబు మాత్రం
ఉత్త చెక్క మీదనే ఉన్నది.