ఇయ్యాల వాక్యం

ఆదివారం పదకొండింటికి ఇంగ్లీషు ఆట.
గేటు కాడ కాలేషా మామ
చించిన టికెట్టు ముక్కలు జేబులో పోసుకుంటా
"ముందు బెంచీకి పో,
ముద్దులొస్తే తల దించుకో" అనేవాడు.

అమ్మ చర్చిలో పాటెత్తుకునే వేళకి
నేను నేలక్లాసులో.
తెర కింద అక్షరాలేసే రోజులు కావవి.
మూతులు కదిలేవి,
మాటలు గూడ్సు పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని
వెళ్లిపోయేవి.
ఎక్కడ విడదీయాలో తెలిసేది కాదు.
"లెట్స్‌గెటౌటాఫియర్" నాకు చాన్నాళ్లు ఒకటే మాట.
అదేదో ఊరి పేరనుకున్నా.
ఆ మాట అనగానే
అందరూ అక్కడికే పరిగెత్తేవాళ్లు మరి.

మధ్యాహ్నం అన్నం పెడతా అమ్మ అడిగేది:
"సండే స్కూల్లో ఇయ్యాల వాక్యం ఏంటే?"
"డోంట్ మూవ్" అన్నానొకసారి.
అమ్మ కళ్లు మూసుకుని
ఆమేన్ అంది.

సోమవారం మళ్లీ గుంటూరు యార్డు.
టిక్కీల నీడన తొడిమలు తీయడం,
వేళ్లు మండుతుంటే ముంజేత్తో మొహం తుడుచుకోవడం.
పక్కన రత్తాలు పిన్నికి వినపడకుండా
కాయకొక మాట.
కమాన్, తొడిమ.
షటప్, తొడిమ.
ఐ సెడ్ నౌ...
ఇది తాలుకాయ, అవతల పారెయ్.

సినిమా ఇంగ్లీషుకి బెదిరించడం వచ్చు,
పారిపోవడం వచ్చు,
చచ్చేముందు క్షమించమనడం బాగా వచ్చు.
తిన్నావా అని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు.
చేతులెందుకట్లా పొక్కినయ్, కూలెంత ఇచ్చారు,
ఆ ఇంగ్లీషు ఏ హాల్లో ఆడిద్దో
కాలేషా మామకీ తెలీదు.

ఆ మార్చిలో ఎగుమతి షావుకారు వెంట
ఒక తెల్లాయన వచ్చాడు.
నవ్వుతా నవ్వుతా
విప్పిన టిక్కీలో మొహం పెట్టాడు.
అంతే.
దగ్గు. తుమ్ములు. కళ్లెంట ధారలు.
మోకాళ్ల మీద కూలబడ్డాడు.
షావుకారు గిరగిరా తిరుగుతన్నాడు.
గుమాస్తా బీయే పాసు, నోరు పడిపోయింది.

నేనే పోయి రెక్క పట్టుకున్నా.
"స్టే విత్ మీ" అన్నా.
"డోంట్ డై. నాట్ టుడే."
గోతాల సందుల్లోంచి ఈడ్చుకుపోతా
"లెట్స్‌గెటౌటాఫియర్" అని అరిచా.
మొదటిసారి ఆ ఊరు నా కళ్లబడింది:
గేటవతల సోడాబండి,
ఇంత గాలి.

మజ్జిగ తాగి, ముక్కు చీదుకుని
పేరడిగాడు.
నిరీక్షణ.
అంటే ఏంటన్నట్టు చెయ్యి తిప్పాడు.
పాస్టరుగారైతే మంచి మాటేదో చెప్పేవాడు.
తెర మీద నాకు దొరికింది ఒక్కటే:
"వెయిట్" అన్నా.

ఆయన బుద్ధిగా తలూపి
సోడాబండి పక్కన, మిట్ట మధ్యాహ్నపు ఎండలో,
చేతులు కట్టుకుని
నిలబడ్డాడు.