పదిహేడో మనిషి

రాత్రి పదకొండు దాటితే గానీ
కడప పెద్దాసుపత్రి స్కానింగు గది నాది కాదు.
చివరి రోగిని బండి మీద తోసుకుపోయినాక
దస్తగిరి బల్ల తుడిచి, టీ తాగొచ్చి
"కానీ మేడం, మీ చదువు" అంటాడు.
గోడ వెనక హీలియం పంపు
నిద్రపట్టని పిచ్చుక మాదిరి అరుస్తుంటుంది.

ఈ రాత్రి వచ్చినాయన హుస్సేనప్ప.
ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనిలో నలభై ఏళ్లు.
బండను సుత్తితో రెండు తట్లు తట్టి
పొర యాడ విడుస్తుందో చెవితో చెబుతాడు.
ఆ చెవి మెదడులో ఏ సందులో కాపురముంటుందో
కనిపెట్టడం నా ప్రాజెక్టు.
ప్రాజెక్టుకి మార్చి ముప్పయ్యొకటి దాకా ఆయుష్షు.
ఫెలోషిప్ డబ్బులు దసరా నుంచి రాలేదు.

లోపలిది అయస్కాంతం కదా, అడగాల్సినవి అడిగాను.
మొలతాడుకున్న తాయెత్తు విప్పి దస్తగిరి చేతిలో పెట్టాడు.
"కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడిందా?"
"పడని దినం చెప్పు మేడమ్మా."
ఎక్స్‌రేకి పంపి, ఏమీ లేదని తేలేసరికి ఒంటిగంట.

"మెదలొద్దు. ఎనిమిది నిమిషాలు."
"పీనిగ లెక్క పండుకుంటాలే."
చెవుల్లో రాతి చప్పుళ్లు వినిపించాం,
బాగున్న రాయి, బీటున్న రాయి, మళ్లీ బాగున్న రాయి.
తెర మీద గీత నిటారుగా పోతూ పోతూ
ఎగిరింది. మళ్లీ ఎగిరింది.
తల ఊపుతున్నాడు,
హరికథకు ముందు వరసలో కూర్చున్నోడి మాదిరి.

బయటికొచ్చి కంబళి మడత పెడుతూ
"మీరు వినిపించిన రాళ్లు సరే గానీ
మీ మిషను మంచి రాయి మేడమ్మా,
యాడా బీటు లేదు" అన్నాడు.

తన తలను తనకు చూపించాను,
ముక్కు నుంచి మాడు దాకా, పొర వెనక పొర.
వంగి చూశాడు. చానాసేపు.
"ఇన్ని పలకలు తీసినావు, ఒక్కటీ పగల్లేదే!
మా కాడ పదిట్లో మూడు పోతాయి."
వేలి కణుపుతో తెర మీద తట్టి
చెవి ఆనించబోయి, నవ్వేశాడు.
మా కాడ పదిట్లో నాలుగు పోతాయని
నేను చెప్పలేదు.

అయిదువందలు, బస్సు చార్జీ, వేలిముద్ర.
తొలి బస్సు దాకా వరండాలో పడుకున్నాడు,
చెంప నల్లబండకు ఆనించి.

పొద్దున్నే సారు ఫోను:
"మూడు మిల్లీమీటర్లా? తీసెయ్."
"సార్, ఆయన వింటున్నాడు సార్."
"వినమనే కదా చెప్పాం. ఊపమన్నామా?"
సారు చెప్పింది నిజమే.
అదే నాకు మింగుడు పడలేదు.

పదిహేడో వరసకి ఎర్రరంగు వేశాను.
'కారణం' గడిలో 'తల కదిలింది' అని కొట్టాను.
గడి వెడల్పు అంతే.

ఇంటికి పోకుండా వరండాలో కూర్చుని
ఆయన పడుకున్న బండను తట్టాను.
టక్.
పక్క బండ. టక్.
ఏం తేడా?
మూడోది కొంచెం బోలుగా పలికినట్టయింది.
అనిపించిందంతే, రాసుకోదగ్గది కాదు.

పద్దెనిమిదో మనిషి
రాత్రి పదకొండింటికి వస్తానన్నాడు.