ఇంకొక్క పావు చుట్టు

క్లెక్‌హీటన్‌లో నాలుగు రోజులుగా వాన.
షెడ్డు రేకుల మీద ఆ మోతకి
నేను చేసే ప్రతి పనీ
నాకే కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది.

బెంచి మీద నాన్న బైకు ఇంజను,
ఒంటి సిలిండరు, ముందుకి వాలిన మెడ,
తగువుకి వస్తున్న ముసలాయనలా.
రాకర్ మూత విప్పుతున్నాను.
మూడు బోల్టులు బుద్ధిగా వచ్చాయి.
నాలుగోది తిరుగుతూనే ఉంది
గానుగెద్దులా, ఉన్నచోటే.

అరిగిన మరకి ఒక మెత్తదనం ఉంటుంది.
ముందు చేతికి తెలుస్తుంది,
తరవాత కడుపుకి.

పక్కింటి సగ్‌డెన్ ట్యాపుల పెట్టె ఇచ్చాడు,
ఎప్పుడు తిరిగివ్వాలో మూత మీద సుద్దతో రాసి మరీ.
పాతకాలపు కొలతలు. ఇప్పటి పానాలేవీ వీటికి పట్టవు.

స్క్రూడ్రైవరు దూర్చి బోల్టు తలని ఎగదోస్తే
ఊడొచ్చింది.
దానికి చుట్టుకుని ఓ సన్నని రేకు.
దీపం కింద పెట్టి విప్పాను.
దగ్గుబిళ్ళల డబ్బా ముక్క.
ఎరుపు ఇంకా పోలేదు.
ఏదో అక్షరంలో సగం.

నాకు పదకొండేళ్ళు.
నాన్న చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.
ఆయన బిగించి వెళ్ళిన బోల్టుని
ఇంకొక్క పావు చుట్టు తిప్పాను,
సాయం చేద్దామని.
టక్కుమనలేదు. ఏమీ అనలేదు.
పానా ఊరికే తేలికైపోయింది.
దాన్ని తీసిన చోటే పెట్టి
లోపలికెళ్ళి టీ ముందు కూర్చున్నాను.
రెండు బిస్కెట్లు తిన్నాను కూడా.

నలభయ్యారేళ్ళుగా
ఆ సంగతి నా ఒక్కదానిదే అనుకున్నాను.

ఎప్పుడు కత్తిరించాడో ఈ రేకు,
అమ్మ కుట్టుపని కత్తెరతోనే అయ్యుంటుంది,
అంచు వంకర్లు పోయింది.
నాతో ఒక్క మాట అనలేదు.
కానీ ఆ వేసవి నుంచీ
పానా ఇచ్చేటప్పుడల్లా నా చేతిని జరిపేవాడు.
"తల దగ్గర పట్టుకో, జిలియన్.
తోక దగ్గర పట్టుకుంటే బలం నీది కాదు, దానిది."
అందరికీ చెప్పే పాఠమే అనుకున్నాను.

లోపల గుడ్డ కుక్కి, బిట్టుకి గ్రీజు పూశాను.
అల్యూమినియం పొట్టు దానికే అంటుకోవాలి,
ఒక్క రవ్వ జారినా ఇంజను కడుపులోకే.
ట్యాపుని అర చుట్టు ముందుకి,
పావు చుట్టు వెనక్కి.
కొత్త మరలోకి తీగచుట్టని దించి
దాని తోక విరిచాను.
ఆ చిన్న చిటుకు
ఇంత వానలోనూ వినబడింది.

ఇక వాల్వులు.
ప్లగ్గు బెజ్జంలో పెట్టిన స్ట్రా
పైకి లేచి ఇక లేవనన్నచోట ఆపాను.
ఇంజను చల్లగా ఉండాలి. ఉంది, నా వేళ్ళలాగే.
ఇన్‌లెట్‌కి కొంచెం సందు,
ఎగ్జాస్ట్‌కి ఇంకొంచెం.
లాక్‌నట్టు బిగిస్తే కొలత జరుగుతుంది,
మళ్ళీ మొదటికి. మూడుసార్లు.
సందు మరీ పెరిగితే వీధంతా వినేలా టకటక.
అసలు లేకపోతే చప్పుడే ఉండదు,
వేడికి సాగిన ఇనుముకి చోటు దొరక్క
వాల్వు మూసుకోదు,
అంచు నుంచి మెల్లగా కాలుతుంది.
ఫీలర్ గేజ్ పలక లాగితే రావాలి,
అలాగని వెంటనే వచ్చెయ్యకూడదు,
నిద్రపోతున్న పిల్ల గుప్పిట్లోంచి
బొమ్మని తీసినట్టు.

నాలుగో బోల్టు.
పానాని తల దగ్గర పట్టుకున్నాను.
బిగిసింది.
చెయ్యి ఇంకొంచెం అడిగింది.
ఇవ్వలేదు.

ఆ రేకుని ఏం చెయ్యాలో తోచలేదు.
మళ్ళీ అలాగే చుట్టి గేజుల డబ్బాలో పడేశాను.

ఆరో తన్నుకి అందుకుంది ఇంజను.
మూత చుట్టూ వేలితో రాసి చూశాను, పొడి.
నాలుగోదాని దగ్గరా పొడే.

నూనె ఇంకెక్కణ్ణుంచో కారుతోంది.