పసుపు మూత

రాత్రి మూడుంపావు.
పుంతా అరేనాస్‌లో గాలి తలుపు తట్టదు,
తలుపునే ఊడబెరుక్కు పోవాలని చూస్తుంది.
పై అంతస్తు నుంచి యెర్కో దిగివచ్చాడు
రక్తపు గొట్టాన్ని గుప్పిట్లో మూసుకుని,
గూట్లోంచి పడ్డ పిట్టపిల్లని తెచ్చినట్టు.

పసుపు మూత. చారల ముద్ర.
ఒర్ఫేలియా బారియా, యాభై మూడేళ్ళు.
పీతల మాంసం డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీలో పని.
ఇది కాగితం మీద లేదు, యెర్కో చెప్పాడు.
కాగితం మీదున్నది: రక్త కాన్సర్,
మందు ఎక్కించి పదకొండో రోజు,
జ్వరం ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు.
సాయంత్రం ఊదా మూత గొట్టంలో
ఆమె తెల్లకణాలు రెండుసార్లు వెతికాను.
లెక్కపెట్టడానికేమీ లేవు.

అలాంటి ఒంట్లోకి రోగం దొంగలా కూడా రానక్కర్లేదు.
తాళం లేదు, కుక్క లేదు,
అలికిడికి లేచి అరిచే పొరుగామె లేదు.
ఎర్రబారదు, చీము పట్టదు.
చీముక్కూడా మనుషులు కావాలి కదా.
ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు నిర్మలంగా, నల్లగా.
గొంతు చూస్తే గొంతులాగే ఉంటుంది.
ఒళ్ళు మాత్రం పెనంలా కాలుతుంది.

మిగిలింది కాలేయం.
దానికి కబురు ఆలస్యంగా అందుతుంది,
అందాక ఇక ఊరుకోదు,
రేయీ పగలూ ఒకటే ప్రోటీన్ రక్తంలోకి కుమ్మరిస్తుంది.
సి.ఆర్.పి. అంటాం.
నూట నలభై రెండు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
రాదు. కానీ ఏ నిప్పు?
సూక్ష్మజీవిదా, కాన్సర్‌దా,
మేమే ఎక్కించిన మందుదా?
పొగకి ఇంటిపేరుండదు.

రెండో పరీక్ష ప్రోకాల్సిటోనిన్.
కాస్త తొందర మనిషి, కాస్త నమ్మదగ్గది.
అంకె తెర మీదికొచ్చేసరికి పందొమ్మిది నిమిషాలు.
పక్కగదిలో నా మాతే చల్లారిపోయింది.
మూడు పాయింట్ ఎనిమిది.

ఫోన్ చేశాను.
"యాంటీబయాటిక్ ఎప్పుడో పెట్టేశాం" అంది డాక్టర్ మిలెంకా,
"గొట్టం నీ దగ్గరికి బయల్దేరినప్పుడే.
నీ అంకె కోసం నేనాగితే, ఆమె ఆగదు."
నిజమే.
అయినా ఎందుకో చిన్నబోయాను.
ఇరవై రెండేళ్ళ రాత్రిళ్ళు,
నేనూ కబురు ఆలస్యంగా అందే దాన్నేనా?

మూడో రాత్రి ప్రోకాల్సిటోనిన్ రెండుకి దిగింది.
సి.ఆర్.పి. రెండొందల ముప్పై ఒకటికి ఎక్కింది.
మంట ఆరిన సంగతి ఇంకా తెలియక
కాలేయం శోకాలు పెడుతూనే ఉంది,
దినకార్యం అయిపోయాక గుమ్మంలో కూలబడి
మొదలెట్టే దూరపు చుట్టంలా.
లేదా మంట ఆరలేదేమో.
ఈసారి మిలెంకాయే అడిగింది: "దేన్ని నమ్మను?"
నేను డాక్టర్ని కానన్నాను.
ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.
"తొందర మనిషిని" అన్నాను.

తెల్లారి ఇంటికి పోతూ
చౌకు మూలన తాడు పట్టుకున్నాను.
గాలి రోజుల్లో నగరంవాళ్ళు కడతారు.
తాడు ఇంటికి చేర్చదు, గాలినీ ఆపదు.
నా ముందు ఒక ముసలాయన
టోపీ పళ్ళతో కరిచిపట్టుకుని
రెండు చేతులా దాన్నే పట్టుకు నడుస్తున్నాడు.

ఐదో రాత్రి పసుపు మూత రాలేదు.
రాకపోవడానికి రెండే కారణాలుంటాయి.
యెర్కో వేరేవాళ్ళ గొట్టాలు బల్ల మీద పెట్టాడు.
నేనడగలేదు.
అడక్కపోవడం మా పనిలో ఒక మర్యాద,
సగం పిరికితనం.
ఫ్రిజ్‌లో ఆమె మూడో గొట్టం
వెనక వరసలోకి జరిపాను,
పారేసే రోజు దాని దాకా రాకుండా.

ఆరో రాత్రి ఊదా మూత వచ్చింది.
అదే చారల ముద్ర.
గాజు పలక మీద చుక్క పరిచి, రంగు వేసి,
సూక్ష్మదర్శినిలో గడిగడినీ జల్లించాను.
మూలనెక్కడో ఒకటి,
ఇంకా పెద్దవనిది, వంగిన కడ్డీలాంటి నడుముతో.
మళ్ళీ చూశాను. ఉంది.
యెర్కో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.
"ఏమైంది?"
"ఆగు" అన్నాను, "లెక్కపెట్టనీ."