చూసి రావడం

రుస్తాఖ్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు అంబులెన్సు తోలినా.
లాగ్ పుస్తకంలో 'పని' అన్న చోట మూడే గడులు:
తేవడం. దింపడం. శవం.
మనిషికీ ఆసుపత్రికీ ఉండే సంబంధమంతా
ఆ మూడింట్లోనే అయిపోతుందని
నేనూ అనుకున్నా.

పోయిన రంజాన్ తర్వాత సైరన్ లేని బండి ఇచ్చినారు.
తెల్లది, పాతది. కొండెక్కేటప్పుడు దాని ఏసీ అలుగుతుంది.
వెనక నర్సు జువైనా, ఆమె ఒళ్ళో ఇనుప పెట్టె.
పెట్టెకు రెండు తాళాలు.
ఒక చెవి ఆమె మెడలో,
ఇంకొకటి నా పక్కన కునికే సూడాన్ డాక్టరు జేబులో.
నొప్పి తగ్గించే మందుకు
బంగారానికి లేనంత కాపలా.
ఆ పెట్టె గేటు దాటాలంటే మస్కట్ నుంచి కాగితం రావాల,
కాగితం మీద ముద్ర పడాల,
ముద్ర వేసే ఆయన సెలవు నుంచి దిగాల.
పదకొండు నెలలు.
అంతలో జాబితాలో పేర్లు
వాటంతట అవే కొట్టేసుకున్నాయి.

మొదటి రోజు సాయంత్రం లాగ్ రాయబోతే చేయి ఆగింది.
ఎవర్నీ తేలేదు. ఎవర్నీ దింపలేదు.
దేవుడి దయ, మూడోదీ కాదు.
పెన్నుతో నాలుగో గడి గీసి తెలుగులో రాసినా:
చూసి రావడం.
"ఇదేం బొమ్మ?" అన్నాడు సూపర్‌వైజరు.

కొండ కింద హమూద్ తాత. క్యాన్సరు ఎముకల్లోకి దిగింది.
ఆయన ఖర్జూరాలకు ఫలజ్ కాలువలో వంతు
వారానికొక తూరి అర్ధగంట.
జువైనా సీసా చూపించి చెప్పింది:
నొప్పి వచ్చినాక కాదు, రాకముందే,
నాలుగు గంటలకొకసారి, నడిరేయి అయినా సరే.
తాత నవ్వినాడు.
"వంతన్నమాట! నేల నెర్రెలిచ్చినాక
నీళ్ళు పెట్టేవాడు రైతేనా?"
రాయచోటి పక్క మూడు గంటల కరెంటు కోసం
అర్ధరాత్రి మోటారు కాడ కాచుకున్నోణ్ణి,
ఆ మాటకు నాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఆయన్ను తేవడానికి ఏ బండీ పోలేదు.
తన మంచంలో, కాలువ చప్పుడు వినపడే కిటికీ పక్కన.
తర్వాత పోతే మోజా అవ్వ ఖర్జూరాల డబ్బా ఇచ్చి
"వాళ్ళాయన వంతు ఈ వారం నేనే పెట్టినా" అంది,
తన గురించి కాక పొరుగింటావిడ గురించి చెప్పినట్టు.

కొత్త ఏడాది కొత్త పుస్తకాలొచ్చినాయి.
నాలుగో గడి ఇప్పుడు అచ్చులో ఉంది: జియారా.
దర్గాకు పోయేటప్పుడు మేమనే మాట!
చేత్తో తడిమి చూసుకున్నా.
పక్కనే ఇంకో గడి కూడా అచ్చేసినారు:
పౌరుడి కార్డు నంబరు.

"కంకర క్వారీ క్యాంపులో మావాడొకడున్నాడు" అన్నా ఒకరోజు.
అద్దంలో జువైనా కళ్ళు.
"ఎంత దూరం?"
"పదహారు."
"మన దారేనా?"
"కాదు."
"మన దారే అని చెప్పు, ఫక్రుద్దీన్."
డాక్టరు నిద్ర నటించినాడు. మంచోడు.

రేకుల గది, ఎనిమిది మంచాలు.
కింది మంచం వదిలిపెట్టినారు ఓదేలుకు.
జగిత్యాల దగ్గరి మనిషి, గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులో.
కంపెనీ టికెట్ ఎప్పుడిస్తే అప్పుడు ప్రయాణం.
"పన్నెండొద్దులాయె ఇంటికి ఫోన్ జెయ్యక.
నొప్పితోని మాట్లాడితె దానికి ఎర్కయితదన్నా."
రెండు చెవులూ తిరిగినాయి.
డాక్టరు మోకాలి మీద కాగితం పెట్టి సంతకం చేసినాడు.

ముప్పావు గంట. ఎవరో టీ తెచ్చినారు.
ఓదేలు మెల్లగా లేచి కూర్చుని ఫోన్ తీసినాడు.
"మక్కలు అమ్మిండ్రా? ఏం రేటు వడ్డది?"
అంత తక్కువకా అని గట్టిగా కోప్పడినాడు కూడా.
జువైనాకు మాట అర్థం కాలేదు.
బయటికి పోయి, ఇసుకలో నిలబడి,
చాలాసేపు పెట్టెకు తాళం వేస్తానే ఉండింది.

ఆ రాత్రి లాగ్ రాసినా.
ముప్పైరెండు కిలోమీటర్లు ఎక్కువ.
జియారా: టిక్కు.
కార్డు నంబరు గడి ఖాళీ.
ఎవరన్నా పిలిచి ఎందుకని అడుగుతారని
మూడు రోజులుగా ఎదురు చూస్తాండా.
జవాబు నోట్లోనే ఉంది:
ఆ సీసాలో ఇంకా నాలుగు దినాలకే మందుంది, సార్.